డీఓ స్కూళ్ల ఇంటర్వ్యూ పిలుపులు: దేనికి వెళ్లాలి, ఎలా తయారవ్వాలి, చివరికి ఏ సీటు తీసుకోవాలి

సెప్టెంబరు మొదలయ్యాక అమెరికాలోని తెలుగువాళ్ల నుంచి నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఒకేలా ఉంటాయి. "మా అమ్మాయికి రెండు డీఓ స్కూళ్ల నుంచి ఇంటర్వ్యూ వచ్చిందండీ. ఎండీ వాళ్ల దగ్గర్నుంచి ఇంకా ఏమీ లేదు. వెళ్లమంటారా, ఆగమంటారా?" అమెరికాలో డాక్టర్ కావడానికి రెండు డిగ్రీలున్నాయి: ఎండీ ఒకటి, డీఓ (ఆస్టియోపతిక్ మెడిసిన్) ఇంకొకటి. అడిగేవాళ్లలో ఎక్కువమంది ఎంసెట్ రాసి, ర్యాంకు చూసుకుని, కౌన్సెలింగ్‌లో సీటు తీసుకుని ఈ దేశం వచ్చిన తల్లిదండ్రులు. మార్కులూ, ఎంక్యాట్ (మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష) స్కోరూ అన్నీ ఉన్నాక కూడా అరగంట మాటల మీద సీటు ఆధారపడటం వాళ్లకు మింగుడుపడదు. అదీ కాక ఇక్కడ తేల్చుకోవాల్సింది ఒక్కటి కాదు. ఏ పిలుపుకి వెళ్లాలి, ఏ తేదీ తీసుకోవాలి, ఏ పద్ధతి ఇంటర్వ్యూకి ఎలా తయారవ్వాలి, సీటొచ్చాక డిపాజిట్ ఎక్కడ కట్టాలి అని వరసగా వస్తూనే ఉంటాయి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇంటర్వ్యూలో పిల్లలు చెప్పే జవాబులు సీటు తెస్తాయి. వాళ్లు అడిగే ప్రశ్నలు ఆ సీటు తీసుకోవాలో వద్దో తేలుస్తాయి. మొదటిదానికి నెలల తరబడి ప్రాక్టీస్ చేస్తారు, రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు.

ముందు ఇంట్లో తేలాల్సిన సంగతి

డీఓ అనగానే చాలామంది పెద్దవాళ్లకి ఎముకలు సరిచేసే వైద్యమే గుర్తొస్తుంది. చిత్తూరు వైపు వాళ్లయితే పుత్తూరు కట్టు లాంటిదా అని అడుగుతారు. ఆ అనుమానం మరీ గాలిలోంచి వచ్చిందేమీ కాదు. డీఓ చదువుకి మూలమైన ఆస్టియోపతీ మొదలుపెట్టిన ఆండ్రూ టేలర్ స్టిల్ ఒకప్పుడు ఊరూరా తిరుగుతూ తనను తాను ఎముకలు సరిచేసేవాడిగానే చెప్పుకున్నాడు. 1864లో మెదడు పొరల జ్వరంతో ఆయన ముగ్గురు పిల్లలు పోయారు. ఆనాటి మందులు వాళ్లను బతికించలేకపోయిన బాధే ఆయన్ని వేరే దారి వెతికించింది. 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కిర్క్స్‌విల్లో మొదటి కాలేజీ పెట్టి, మొదటి బ్యాచ్‌లోనే ఆడవాళ్లను చేర్చుకున్నాడు.

ఇప్పటి డీఓ మాత్రం పూర్తి స్థాయి డాక్టర్. అమెరికాలో యాభై రాష్ట్రాల్లోనూ మందులు రాయవచ్చు, సర్జరీ చేయవచ్చు, ఏ స్పెషాలిటీ అయినా చదవవచ్చు. ఎండీ వాళ్లు చదివేదంతా చదివి, దాని పైన చేతులతో చేసే చికిత్సలో సుమారు 200 గంటల శిక్షణ పొందుతారు. ఇంగ్లండ్‌లో ఆస్టియోపాత్ అంటే వేరు, అక్కడ వాళ్లు డాక్టర్లు కారు. లండన్‌లో ఉండే బాబాయి "అదేం డాక్టరీ కాదు" అంటే ఆయన చెబుతున్నది వేరే దేశం సంగతి.

2020 నుంచి ఎండీ, డీఓ ఇద్దరికీ రెసిడెన్సీ (డిగ్రీ తర్వాత ఆస్పత్రిలో చేసే శిక్షణ) గుర్తింపు ఒకే సంస్థ కిందకి వచ్చింది. రెసిడెన్సీ సీట్లు కేటాయించే 2024 మ్యాచ్‌లో ఎండీ చివరి ఏడాది విద్యార్థుల్లో 93.5 శాతం మందికి, డీఓ విద్యార్థుల్లో 92.3 శాతం మందికి మొదటి ఏడాది రెసిడెన్సీ సీట్లు దొరికాయి. అంతమాత్రాన తేడా లేదని నేననను. డెర్మటాలజీ, న్యూరోసర్జరీ, ప్లాస్టిక్ సర్జరీ లాంటి వాటిలో డీఓ విద్యార్థికి దారి ఇప్పటికీ ఇరుకే. అలాంటివి కావాలనుకునేవాళ్లు డీఓకి తప్పనిసరైన కాంలెక్స్ లైసెన్సు పరీక్షలతో పాటు ఎండీ వాళ్లు రాసే యూఎస్‌ఎంఎల్‌ఈ కూడా రాయాల్సి వస్తుంది. అంటే రెండు ఫీజులు, రెండు చదువులు. ఫ్యామిలీ మెడిసిన్, ఇంటర్నల్ మెడిసిన్, పీడియాట్రిక్స్ వైపు మనసున్న పిల్లలకి ఈ తేడా పెద్దగా తగలదు. డీఓల్లో సగానికి పైగా ప్రైమరీ కేర్‌లోనే ఉన్నారు.

ఇదంతా ఇంటర్వ్యూకి ముందే ఇంట్లో తేలిపోవాలి. "ఎండీ రాకపోతే చూద్దాం" అని అమ్మానాన్నలు భోజనాల దగ్గర అంటూ ఉంటే, ఆ మాట పిల్లల గొంతులోకి దిగుతుంది. డీఓ స్కూల్లో ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఇరవై ఏళ్లుగా అదే గొంతు వింటున్నవాళ్లు. నిమిషంలో పట్టేస్తారు.

ఆగడమా, వెళ్లడమా

ఎండీ పిలుపు కోసం డీఓ ఇంటర్వ్యూని వెనక్కి జరపవద్దు. డీఓ స్కూళ్లలో ఎక్కువభాగం వచ్చినవాళ్లను వచ్చినట్టే చూసి సీట్లు ఇచ్చేస్తాయి. ఆగస్టు, సెప్టెంబరులో మొదలైన ఇంటర్వ్యూలు మార్చి, ఏప్రిల్ దాకా సాగుతాయి కానీ సీట్లు మాత్రం నెలనెలా తగ్గిపోతుంటాయి. అక్టోబరులో ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్లు ఖాళీ క్లాసు కోసం పోటీపడతారు. మార్చిలో ఇచ్చినవాళ్లు చాలాసార్లు వెయిట్‌లిస్ట్ కోసం పోటీపడతారు. అందుకే రెండు తేదీలు ఇస్తే ముందుది తీసుకోండి. పరీక్షలతో కుదరకపోతే తప్ప.

వెళ్లకుండా ఉండాల్సిన సందర్భాలు కూడా ఉన్నాయి. సీటు ఇచ్చినా చేరబోమని ఖచ్చితంగా తెలిసిన స్కూలుకి, కేవలం ప్రాక్టీస్ కోసం వెళ్లడం నాకు నచ్చదు. ఆ స్లాట్ ఇంకొక పిల్లవాడికి ఉన్న ఒకే ఒక పిలుపు అయి ఉండవచ్చు.

హెచ్-4 (తల్లిదండ్రుల మీద ఆధారపడే వీసా) మీద పెరిగి, ఇరవై ఒకటి దాటి ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారిన పిల్లల సంగతి వేరు. మన ఇళ్లలో ఇలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. కొన్ని డీఓ స్కూళ్లు సిటిజన్లను, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లను మాత్రమే తీసుకుంటాయి. ఇంకొన్ని తీసుకుంటాయి కానీ ఏడాది ఫీజో, అంతకంటే ఎక్కువో ముందే బ్యాంకులో చూపించమంటాయి. ఫెడరల్ లోన్ వీళ్లకు రాదు. విమానం టికెట్ కొనకముందే అడ్మిషన్స్ ఆఫీసుకి మెయిల్ రాసి, వీసా స్టేటస్ స్పష్టంగా చెప్పి, రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి. అప్లికేషన్ తీసుకున్నారు కదా, పర్లేదనే కదా అనుకోవద్దు.

వీడియోలోనా, స్వయంగానా

కోవిడ్ తర్వాత చాలా స్కూళ్లు వీడియో ఇంటర్వ్యూలే కొనసాగిస్తున్నాయి. కొన్ని రెండింట్లో ఏదైనా ఎంచుకోమంటాయి. స్కూలు నిజంగా అభ్యర్థి ఇష్టానికే వదిలేస్తే ఏ స్కూలు అన్నదాన్ని బట్టి తేల్చుకోండి. జాబితాలో పైన ఉన్న స్కూలైతే, కారులో వెళ్లగలిగే దూరంలో ఉంటే స్వయంగా వెళ్లడమే మేలు. అక్కడ రెండో ఏడాది విద్యార్థి క్యాంపస్ చూపిస్తూ మెట్ల మీద అనే మాటలు జూమ్‌లో వినపడవు. దూరపు స్కూలైతే, హోటలు, విమానం, సెలవు అన్నీ కలిపి వెయ్యి డాలర్లు అవుతుంటే వీడియోనే తీసుకోండి. సీటొచ్చాక డిపాజిట్ కట్టే ముందు ఒకసారి వెళ్లి చూడవచ్చు, ఆ డబ్బు అప్పుడు ఖర్చుపెడితే దానికో అర్థం ఉంటుంది.

వీడియో అయితే ఇంట్లో ఒక్క నియమం: ఆ గంటసేపు ఎవరూ ఆ గది తలుపు తీయకూడదు, కుక్కర్ విజిల్ వినపడకూడదు. తలుపు వెనక నిలబడి వినడం కూడా వద్దు. పిల్లలకి తెలిసిపోతుంది, మాట తడబడుతుంది.

ఇంటర్వ్యూ పద్ధతులు: ఏది ఎవరికి నప్పుతుంది

ఒకరితో ఒకరు, ప్యానెల్, ఎమ్‌ఎమ్‌ఐ. ముఖ్యంగా ఈ మూడు (ఎమ్‌ఎమ్‌ఐ అంటే మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ). కొన్ని చోట్ల నలుగురైదుగురు అభ్యర్థులను కలిపి కూర్చోబెట్టే గ్రూపు ఇంటర్వ్యూ కూడా ఉంటుంది. పద్ధతిని స్కూలే నిర్ణయిస్తుంది, పిల్లలు కాదు. కానీ ఏ స్కూలుకి ఎంత సమయం పెట్టాలి అన్నది మన చేతుల్లో ఉంది. రెండు పిలుపులు ఒకే వారంలో పడితే ఏది ముందు పెట్టుకోవాలో కూడా పద్ధతి చూసి తేల్చుకోవచ్చు.

ఒకరితో ఒకరు కూర్చునే ఇంటర్వ్యూ మామూలు సంభాషణలా సాగుతుంది. ఇక్కడ ముందుగా తెలుసుకోవాల్సింది అవతలి మనిషి అప్లికేషన్ చదివి వస్తాడా, చదవకుండా వస్తాడా అని. చదివి వస్తే, మూడేళ్ల కింద చేసిన ల్యాబ్ పని గురించి ఒక వాక్యం పట్టుకుని లాగుతాడు. అప్లికేషన్‌లో రాసిన ప్రతి పని గురించి రెండు నిమిషాలు మాట్లాడగలగాలి. ఇంకొకరి చేత రాయించుకున్న వ్యాసమైతే ఇక్కడే బయటపడుతుంది. చదవకుండా వస్తే మార్కులు, స్కోర్లు ఆయనకు తెలియవు. పిల్లలే తమ కథను మొదటినుంచి చెప్పాలి. స్కోరు కాస్త తక్కువైన పిల్లలకి ఇది మంచి అవకాశం.

ప్యానెల్‌లో ఎక్కువగా ఒక డీఓ డాక్టరు, బయోకెమిస్ట్రీయో అనాటమీయో చెప్పే ప్రొఫెసరు ఉంటారు, ఒక్కోసారి ఒక విద్యార్థి కూడా. మన పిల్లలు పెద్ద డాక్టరు వైపే చూస్తూ జవాబులు చెప్పడం నేను చాలాసార్లు గమనించాను. ప్రశ్న వేసినవాళ్లతో మొదలుపెట్టి మిగతా ఇద్దరినీ కలుపుకోవాలి. ఆ మూలన కూర్చున్న విద్యార్థి కూడా మార్కులు వేస్తాడు.

ఎమ్‌ఎమ్‌ఐ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఇది 2000ల మొదట్లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో పుట్టింది. ఒక్క ఇంటర్వ్యూ చేసిన మనిషి ఇష్టాయిష్టాల మీద సీటు ఆధారపడకూడదని, ఆరు నుంచి పది చిన్న స్టేషన్లుగా విడగొట్టారు. ఒక్కో స్టేషన్ దగ్గర ఒక్కొక్కరు మార్కులు వేస్తారు. ఒక చోట దెబ్బతిన్నా తర్వాతి తలుపు దగ్గర మళ్లీ కొత్తగా మొదలవుతుంది.

ఒక స్టేషన్ ఇలా ఉండవచ్చు. తలుపుకి ఒక కాగితం అంటించి ఉంటుంది: "నీతో చదివే స్నేహితుడు రేపటి అనాటమీ పరీక్ష ప్రశ్నలు తన దగ్గర ఉన్నాయని నిన్న రాత్రి ఫోటో పంపాడు. అతను లోపల ఉన్నాడు. మాట్లాడు." చదువుకోవడానికి రెండు నిమిషాలు. బెల్ మోగుతుంది. లోపలికి వెళ్తే స్నేహితుడి పాత్రలో ఒక నటుడు కుర్చీలో తల వంచుకుని ఉంటాడు. మూలన ఇంకొకరు కాగితం, పెన్ను పట్టుకుని ఉంటారు.

ఒక అబ్బాయి లోపలికి వెళ్లగానే "నువ్వు చేసింది తప్పు, డీన్‌కి చెప్పక తప్పదు" అని మొదలుపెట్టి మూడు నిమిషాలు నీతి చెప్పాడనుకోండి. చెప్పినదాంట్లో తప్పేమీ లేదు, మార్కులు మాత్రం తక్కువ వస్తాయి. ఇంకో అమ్మాయి కూర్చుని, "నిన్న నీ మెసేజ్ చూశాను. నేను ఆ ఫోటో తెరిచి చదవలేదు. ఏమైంది, నువ్వు బాగానే ఉన్నావా?" అని అడిగింది. అతను క్లాసులో ఫెయిలయ్యేలా ఉన్నానని, ఇంట్లో చెప్పలేకపోతున్నానని చెప్పాడు. ఆమె అంతా విని, "దీన్ని మనిద్దరం కలిసి ప్రొఫెసర్ దగ్గరికి తీసుకెళ్దాం. నువ్వే చెబితే మేలు. నువ్వు చెప్పకపోతే మాత్రం నేను చెప్పాల్సి వస్తుంది" అంది. ఇద్దరూ చేరింది ఒకే నిర్ణయానికి. స్టేషన్‌లో చూసేది ఆ నిర్ణయానికి ఎలా చేరారన్నదే.

కాబట్టి ఎమ్‌ఎమ్‌ఐకి జవాబులు బట్టీ పట్టడం వృథా. గడియారం పెట్టుకుని, తెలియని ప్రశ్న రెండు నిమిషాలు చదివి, ఆరు నిమిషాలు గట్టిగా మాట్లాడటం ప్రాక్టీస్ చేయాలి. అవతలివైపు మాట కూడా ఒకసారి చెప్పి, ఆ తర్వాత తన నిర్ణయం చెప్పాలి. నిర్ణయం చెప్పకుండా "రెండువైపులా న్యాయం ఉంది" అని ఆగిపోయినా మార్కులు పోతాయి.

మాటకారి, కథలు బాగా చెప్పే పిల్లలకి మామూలు ఇంటర్వ్యూ కలిసొస్తుంది. కాస్త మొహమాటం ఉన్నా, విని ఆలోచించి మాట్లాడే పిల్లలకి ఎమ్‌ఎమ్‌ఐ మేలు. తమ గురించి తాము పొగుడుకోవాల్సిన పని అక్కడ తక్కువ. రెండూ ఒకే వారంలో ఉంటే ఎమ్‌ఎమ్‌ఐని ముందు పెట్టుకోమంటాను. అది చేసొచ్చాక మామూలు సంభాషణ తేలిగ్గా అనిపిస్తుంది.

"డీఓనే ఎందుకు?"

ఏ పద్ధతి అయినా ఈ ప్రశ్న రాక మానదు. చాలామంది చెప్పే జవాబు: "డీఓలు రోగాన్ని కాదు, మొత్తం మనిషిని చూస్తారు." ఇది ఇంటర్వ్యూ చేసేవాళ్లు రోజుకి పదిసార్లు వినే వాక్యం. పైగా మంచి ఎండీ కూడా మనిషినే చూస్తాడు కదా అన్న ఎదురు ప్రశ్నకి దీనిలో జవాబు ఉండదు.

ఆస్టియోపతీకి నాలుగు మూల సూత్రాలున్నాయి. శరీరం, మనసు, ఆత్మ కలిసి ఒక్కటిగా మనిషి అన్నది ఒకటి. తనను తాను సర్దుకునే, బాగుచేసుకునే శక్తి శరీరానికి ఉందన్నది రెండోది. నిర్మాణం, పని ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయన్నది మూడోది. వైద్యం ఈ మూడింటి మీద నిలబడాలన్నది నాలుగోది. వీటిని అప్పజెప్పడం కంటే వీటిలో ఒకదాన్ని కళ్లారా చూసిన సంఘటన చెప్పడం వెయ్యి రెట్లు మేలు. దానికి ఒక డీఓ డాక్టరు పక్కన నాలుగు రోజులైనా నిలబడి ఉండాలి. నడుం నొప్పితో వచ్చిన గోదాం కూలీకి మందు రాసే ముందు డాక్టరు బల్ల మీద పడుకోబెట్టి, ఏ కండరం బిగుసుకుందో వేళ్లతో వెతికి, అక్కడే సడలించడం చూసిన పిల్లవాడికి ఈ ప్రశ్న భయపెట్టదు. కొన్ని స్కూళ్లు డీఓ డాక్టరు రాసిన ఉత్తరం కూడా అడుగుతాయి. ఎలాగూ షాడోయింగ్ (డాక్టరు పక్కన ఉండి చూడటం) చేస్తారు కనుక అది అక్కడే దొరుకుతుంది.

ఎండీ స్కూళ్లకు కూడా అప్లై చేశావా అని అడిగితే అబద్ధం వద్దు. "చేశాను. డాక్టర్ కావడం నా లక్ష్యం, రెండు దారులూ నాకు నచ్చాయి, ఇక్కడ నాకు నచ్చింది ఇది" అని ఒక్క నిజమైన కారణం చెబితే చాలు.

మన పిల్లలకి ప్రత్యేకంగా ఎదురయ్యే ప్రశ్న ఇంకొకటి ఉంది. వేసవి సెలవుల్లో గుంటూరులోనో హైదరాబాద్‌లోనో బంధువుల ఆస్పత్రిలో గడిపామని అప్లికేషన్‌లో రాస్తారు. "అక్కడ ఏం చేశావు?" అని అడుగుతారు. "కుట్లు వేయనిచ్చారు, ఇంజెక్షన్ చేశాను" అని గర్వంగా చెబితే అది మైనస్. శిక్షణ లేని విద్యార్థి రోగి మీద చేయి వేయడం ఇక్కడ నైతిక తప్పుగా చూస్తారు. పేదవాళ్ల శరీరాల మీద నేర్చుకున్నావా అన్న అర్థం వస్తుంది. ఓపీలో కూర్చుని ఏం చూశాడో, ఒక రోగికి పొలం పని మానడం ఎందుకు కుదరలేదో చెబితే అదే అనుభవం బలంగా నిలబడుతుంది. చేయకూడనిది ఏమైనా చేసి ఉంటే, అది సరైంది కాదని ఇప్పుడు తెలిసిందని చెప్పడమే దారి.

"డాక్టర్ అవ్వాలన్నది నీ ఆలోచనా, మీ అమ్మానాన్నలదా?" అని కూడా సూటిగా అడుగుతారు. దీనికి జవాబు ఎవరూ నేర్పలేరు, తల్లిదండ్రులు అస్సలు నేర్పకూడదు.

ప్రాక్టీస్ ఎవరితో

కాలేజీలో ప్రీ-హెల్త్ ఆఫీసు ఉంటే అక్కడ మాక్ ఇంటర్వ్యూ ఉచితంగా చేస్తారు. ముందు అది వాడుకోండి. తెలిసిన రెసిడెంటో, డీఓ స్కూల్లో చదువుతున్న సీనియరో ఉంటే ఇంకా మంచిది. డబ్బు తీసుకునే కోచ్‌ల దగ్గర ఎమ్‌ఎమ్‌ఐ ప్రాక్టీస్ కొందరికి పనికొస్తుంది కానీ ఎక్కువ సెషన్లు తీసుకుంటే పిల్లలందరూ ఒకేలా మాట్లాడటం మొదలుపెడతారు. నాన్నతో మాక్ ఇంటర్వ్యూ మాత్రం వద్దు. రెండో ప్రశ్నకే గొడవవుతుంది.

అక్కడ పిల్లలు అడగాల్సినవి

"మమ్మల్ని అడగాల్సిన ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అన్నప్పుడు చాలామంది రీసెర్చ్ అవకాశాల గురించి ఏదో ఒకటి అడిగి నవ్వి ఊరుకుంటారు. నా దృష్టిలో ఇంటర్వ్యూ రోజులో విలువైన పది నిమిషాలు ఇవే.

మొదట అడగాల్సింది మూడో ఏడాది రొటేషన్ల గురించి, అంటే ఆస్పత్రుల్లో విభాగాలు మారుతూ చేసే శిక్షణ గురించి. డీఓ స్కూళ్లలో చాలావాటికి సొంత ఆస్పత్రి లేదు. మొదటి రెండేళ్లు క్యాంపస్‌లో చదివి, తర్వాత రెండేళ్లు వేర్వేరు ఊళ్లలోని ఆస్పత్రులకి వెళ్లాలి. కొన్ని చోట్ల ఆ ఊరు వేరే రాష్ట్రంలో ఉంటుంది. ఊరు ఎవరు నిర్ణయిస్తారు, లాటరీనా, ర్యాంకా? ఒకే ఆస్పత్రిలో ఏడాదంతా ఉంటారా, ఆరు వారాలకోసారి ఇల్లు మారాలా? రెసిడెంట్లున్న ఆస్పత్రా, ఒక్క డాక్టరు క్లినిక్కా? డాక్టర్ని విద్యార్థే వెతుక్కోవాలా? చివరి ప్రశ్నకి "అప్పుడప్పుడు" అన్న జవాబొస్తే జాగ్రత్తపడండి. మ్యాచ్‌కి కావలసిన ఉత్తరాలు రాసేది ఆ రొటేషన్లలో పనిచేయించిన డాక్టర్లే.

తర్వాత పరీక్షలు. కాంలెక్స్ మొదటిసారే ఎంతమంది పాసవుతున్నారు, ఎంతమందికి రెసిడెన్సీ వచ్చింది అన్న లెక్కలు ప్రతి స్కూలూ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. అవి ముందే చూసుకుని వెళ్లి, అక్కడ అడగాల్సింది వేరు: పరీక్షకి ముందు చదువుకోవడానికి ఎన్ని వారాలు వదిలేస్తారు, యూఎస్‌ఎంఎల్‌ఈ కూడా రాస్తామంటే ప్రోత్సహిస్తారా, అడ్డుపడతారా? కొత్త స్కూలైతే, మొదటి బ్యాచ్ ఇంకా బయటికి రాకపోతే, చూపించడానికి మ్యాచ్ లెక్కలే ఉండవు. అలాంటి చోట రొటేషన్ ఆస్పత్రుల పేర్లు, ఒప్పందాలు ఖరారయ్యాయా అని రెండుసార్లు అడగాలి.

చేతులతో చేసే చికిత్స నేర్పే ఆస్టియోపతిక్ ల్యాబ్ గురించి కూడా ముందే తెలుసుకోవాలి. అక్కడ విద్యార్థులు ఒకరి మీద ఒకరు ప్రాక్టీస్ చేస్తారు. వెన్ను, భుజాలు, నడుం తాకి చూడాలి కనుక షార్ట్స్, ఆడపిల్లలైతే పైన స్పోర్ట్స్ బ్రా లాంటి బట్టలతో బల్ల మీద పడుకోవాల్సి వస్తుంది. కొంతమంది పిల్లలకి ఇది చేరాక తెలిసి ఇబ్బందిపడతారు. గౌను వాడనిస్తారా, జోడీని ఎంచుకోనిస్తారా అని విద్యార్థులున్న గంటలో అడిగితే ఎవరూ తప్పుగా తీసుకోరు.

విద్యార్థులతో ఒంటరిగా కూర్చోబెట్టినప్పుడు నేనైతే ఒకటి అడగమంటాను: "మీ బ్యాచ్‌లో ఎంతమంది వెనకబడ్డారు, వాళ్లకి స్కూలు ఏం చేసింది?" ఈ జవాబు ఏ బ్రోచర్‌లోనూ ఉండదు.

ఇంటర్వ్యూ ముగిసిన సాయంత్రమే ఈ జవాబులన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. నాలుగు స్కూళ్లు తిరిగాక అన్నీ కలిసిపోతాయి, గుర్తుండేది భోజనం బాగుందా, బిల్డింగ్ కొత్తగా ఉందా అన్నదే.

చేతిలో రెండు సీట్లు ఉంటే

డబ్బు, రొటేషన్లు, ఊరు. నేను చూసే వరస ఇదే. స్కూలు వయసు, పేరు ఆ తర్వాత.

డబ్బు ఇప్పుడు ఇంతకు ముందుకంటే ముఖ్యం. 2025 జులైలో వచ్చిన కొత్త చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునే మెడికల్ విద్యార్థులకి గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోన్ లేదు. ఫెడరల్ అప్పు ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం 2,00,000 డాలర్లు దాటకూడదు. చాలా ప్రైవేటు డీఓ స్కూళ్లలో ఫీజు ఒక్కటే ఏడాది పరిమితిని దాటిపోతుంది, ఇక ఇంటద్దె, తిండి పైన. మిగతాది ఇంట్లోంచి రావాలి, లేదా ప్రైవేటు లోన్, దానికి ఎక్కువగా అమ్మానాన్నల సంతకం కావాలి. అందుకే టెక్సాస్‌లో ఉండేవాళ్లకి నేను ఎప్పుడూ చెప్పేది, ఫోర్ట్‌వర్త్‌లోని టెక్సాస్ కాలేజ్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్‌ని తేలిగ్గా తీసుకోవద్దని. అది ప్రభుత్వ స్కూలు, ఫీజు ప్రైవేటు వాటితో పోలిస్తే చాలా తక్కువ, సీట్లలో అత్యధిక భాగం ఆ రాష్ట్రం వాళ్లకే. దానికి డీఓ స్కూళ్ల మామూలు పోర్టల్‌లో కాకుండా టెక్సాస్ రాష్ట్ర దరఖాస్తు పద్ధతిలో అప్లై చేయాలి. ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు తెలుగు ఇళ్లకి గంట దూరంలో ఉన్న స్కూలు అది. మిషిగన్ వాళ్లకి మిషిగన్ స్టేట్‌లో, ఒహాయో వాళ్లకి ఒహాయో యూనివర్సిటీలో, న్యూజెర్సీ వాళ్లకి రోవాన్‌లో ఉన్న డీఓ స్కూళ్ల విషయంలోనూ సొంత రాష్ట్రం ఫీజు ఎంతో చూసుకుని మాట్లాడండి.

డిపాజిట్ దగ్గర ఎండీ, డీఓల మధ్య తేడా చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. ఎండీ స్కూళ్లలో డిపాజిట్ సాధారణంగా వంద డాలర్లకి మించదు, ఏప్రిల్ 30 లోపు వదులుకుంటే తిరిగి వస్తుంది. డీఓ స్కూళ్లలో వెయ్యి నుంచి మూడు వేల దాకా ఉంటుంది, చాలా చోట్ల తిరిగి ఇవ్వరు. గడువు సీటు ఎప్పుడొచ్చింది అన్నదాన్ని బట్టి మారుతుంది, ఆలస్యంగా వచ్చిన సీటుకి గడువు తక్కువ. కట్టాలా అని అడిగితే, చేతిలో ఉన్న ఒకే సీటైతే కట్టమనే చెబుతాను. ఒక ఏడాది పోవడం, మళ్లీ అప్లై చేయడం అంతకంటే చాలా ఖరీదు. అదే రెండో డీఓ సీటు వచ్చినప్పుడు మళ్లీ కట్టే ముందు ఆగండి. ఇంటర్వ్యూ సాయంత్రాల్లో రాసుకున్న రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, రొటేషన్ల జవాబులు చదవండి. సగం సార్లు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే రెండు స్కూళ్లలోనూ మూడో ఏడాది చదువుతున్న ఒక్కొక్కరితో ఫోన్‌లో మాట్లాడండి. మొదటి ఏడాది వాళ్లతో మాట్లాడితే సరిపోదు, రొటేషన్ల కష్టం వాళ్లకింకా తెలియదు.

తేలాక, వద్దనుకున్న స్కూలుకి ఆ రోజే మెయిల్ పంపాలి. రెండు వాక్యాలు చాలు: సీటు ఇచ్చినందుకు కృతజ్ఞతలు, వేరే చోట చేరాలని నిర్ణయించుకున్నాను, నా పేరు తీసేయండి. డిపాజిట్ పోయిందన్న బాధతో మేలో కూడా సీటు పట్టుకుని కూర్చునేవాళ్లున్నారు. అక్కడ వెయిట్‌లిస్ట్‌లో ఉన్న పిల్లవాడికి ఇల్లు వెతుక్కోవడానికి, లోన్ కాగితాలు పెట్టుకోవడానికి ఆ నెలే కావాలి.